ఫ్రిజ్ మీద దుప్పటి

ఈ సంగతి జరిగిన వారమే రాయాలనుకున్నాను. రాయలేకపోయాను. అప్పటికి నాకు అక్షరాలు వచ్చు గానీ వాక్యాలు రావు. ఒక్కో మాట రాయగలను, మాటను మాటతో కలిపి నడిపించలేను. అంతకుముందైతే అక్షరాలు కూడా లేవు. చిన్నప్పుడు బడి మా ఇంటికి ఎదురుగానే ఉండేది. అంత దగ్గరున్న బడికి ఎప్పుడైనా పోవచ్చులే అన్నారు మా వాళ్ళు. ముందు తమ్ముడిని చంకనెత్తుకున్నాను, వాడు దిగాక చెల్లెలిని ఎత్తుకున్నాను. చెల్లెలు దిగేసరికి నాకు పత్తి తీసే ఈడొచ్చింది. ఆ తర్వాత పెళ్ళి, పిల్లలు, గేదెలు.

పిల్లల పెళ్ళిళ్ళయి ఇంట్లో నేనూ మా ఆయనా మిగిలాక, మా వీధి చివర కాపురముండే రిటైరైన టీచరమ్మ నన్ను పట్టుకుంది. ఆమెకు రోజూ పొద్దున్నే పాలు పోసేది నేనే. "నువ్వు నాకు పాలు పొయ్యి, నేను నీకు అక్షరం పోస్తా" అంది. అట్లా గిన్నె కడిగి ఇచ్చేలోపు ఒక అక్షరం చొప్పున నేర్పింది. తెలుగువి అయిపోయాక ఇంగ్లీషు పెద్ద ఏబీసీడీలు కూడా నేర్పింది. ఆదివారం చర్చికి పోయే తొందరలో కూడా వదిలేది కాదు.

అక్షరాలు టీచరమ్మవి, చదవడం మాత్రం టీవీ నేర్పింది. వార్తల కింద ఒక పట్టీ మీద అక్షరాలు పరిగెత్తుతుంటాయి కదా, వాటిని పట్టుకునేదాన్ని. మొదట్లో నేను 'ము', 'ఖ్య' అని కూడబలుక్కునేలోపు ముఖ్యమైనదంతా అటు చివరికి వెళ్ళిపోయేది. చానాళ్ళు ఈ దేశంలో జరిగిన ప్రతి విషయం నాకు సగమే తెలుసు. ఎవరో రాజీనామా చేశారని తెలిసేది, ఎవరో తెలిసేది కాదు. ఎక్కడో వాన పడిందని తెలిసేది, ఎక్కడో తెలిసేది కాదు.

అలాంటి రోజుల్లో మా ఊరికి ఒక అమ్మాయి వచ్చింది. మాది కారంపూడి నుంచి గురజాల పోయే దారిలో ఒక ఊరు. మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్నాయి, ఊరంతా తుమ్ముతోంది. ఆ అమ్మాయి నరసరావుపేట నుంచి బస్సులో వచ్చి, చేతిలో పలకంత ట్యాబు పట్టుకుని, వీధి మొదట్లో దిగింది.

మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా కొత్తవాళ్ళు చేతిలో కాగితమో ట్యాబో పట్టుకుని వీధిలో అడుగుపెడితే, వాళ్ళు మొదటి ఇంటి తలుపు కొట్టేలోపే కబురు చివరి ఇంటికి చేరుతుంది. కబురు చేరగానే మోటారుసైకిళ్ళు కల్లాల్లోకి పోతాయి. చెవుల కమ్మలు తప్ప ఒంటి మీద బంగారం లోపలికి పోతుంది. ఫ్రిజ్‌ల మీద దుప్పట్లు పడతాయి. ఇంట్లో ఏమేమున్నాయో రాసుకుపోయి బియ్యం కార్డు తీసేస్తారని భయం. నిజంగా ఎవరి కార్డు ఎప్పుడు పోయిందో ఎవరూ చెప్పలేరు గానీ, భయం మాత్రం ఇంటికొకటి ఉంది. నేను మాత్రం ఏమీ కప్పలేదు. నిజాయితీ అనుకునేరు. కప్పడానికి మా ఇంట్లో ఫ్రిజ్ లేదు.

మధ్యాహ్నం దాటాక ఆ అమ్మాయి వీధంతా తిరిగి మా అరుగు మీద కూలబడింది. మంచినీళ్ళు ఇచ్చాను. గ్లాసు దించకుండా తాగింది.

"ఏందమ్మాయ్, ఏం రాసుకుంటున్నావ్?" అన్నాను.

"ఎవరింట్లో టీవీలో ఏం చూస్తారో, ఎందుకు చూస్తారో రాసుకోవాల పెద్దమ్మా. కార్డులకీ దీనికీ ఏం సంబంధం లేదు. చెప్తే ఎవురూ నమ్మట్లా."

"ఎవురేం చూస్తే మీకేంది?"

"చూసేవాళ్ళను రకాలుగా ఇడగొడతారు. ఇంట్లో ఏముందో, ఎంత చదివారో చూసి ఇంగ్లీషు ఏ నుంచి ఇ దాకా ఒక అక్షరం ఇస్తారు. ఏ అంటే పైతరగతి. ఇ అంటే అన్నిటికంటే కింద. మనిషి ఎట్టాంటి మనిషో, టీవీ చూస్తే ఆ మనిషికి ఏం తీరుద్దో, అది గూడా అడుగుతాం. దాన్నిబట్టి ఎవరికి కారు చూపియ్యాల, ఎవరికి సబ్బు చూపియ్యాల అని ప్రకటనలోళ్ళు చూసుకుంటారు."

నాకు నవ్వొచ్చింది. మేము కల్లంలో తాలుకాయలు వేరు, ఎర్రకాయలు వేరు ఏరి కుప్పలు పోస్తాం. మనుషులను కూడా కుప్పలు పోస్తారని తెలియదు.

ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. "ఈ ఊళ్ళో 'ఏ' ఇల్లు ఒక్కటన్నా రావాలన్నాడు మా సారు. అన్ని ఇళ్ళూ కిందవే వస్తున్నయ్. పోయిన రెండూళ్ళలో గూడా ఇంతే. నేను ఇళ్ళకు పోకుండా చెట్టు కింద కూర్చుని రాసుకొస్తున్నానని ఆయన అనుమానం. ఇయ్యాళ గూడా లేకపోతే రేపట్నించి రావద్దన్నాడు" అంది. డిగ్రీ అయ్యాక దొరికిన మొదటి పని అట. ఆడపిల్ల ఊళ్ళు పట్టుకు తిరిగే పనేమిటని ఇంట్లో మొదటినుంచీ గొణుగుతున్నారట. ఈ పని పోతే ఇక గడప దాటనివ్వరని, ఆ మాట నేలవైపు చూస్తూ చెప్పింది.

ఊళ్ళో ఆ 'ఏ' ఇల్లు ఏదో నాకు తెలుసు. మా పక్కదే. ఆ ఇంటావిడ నన్ను వదినా అంటుంది, నేనూ ఆమెను వదినా అంటాను. చుట్టరికం ఏమీ లేదు, మధ్యలో ఒక పిట్టగోడ ఉంది. వాళ్ళాయన డిగ్రీ చదివాడు, మాచర్లలో పురుగుమందుల కొట్టు పెట్టాడు. కారుంది, రెండు గదుల్లో ఏసీలున్నాయి. బియ్యం కార్డు కూడా ఉంది. ఆ బియ్యం వాళ్ళు వండుకోరు, దోసెల పిండికి పోస్తారు.

"పక్కింటికి పోయావా?" అన్నాను.

"పోయా పెద్దమ్మా. తలుపు తియ్యలా."

"రా నాతో."

నేను పిలిస్తే వదిన తలుపు తీసింది, కానీ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నా భుజం మీదుగా ట్యాబు వైపు చూసింది.

"నమస్తే ఆంటీ. మీ ఇంట్లో టీవీ ఉందా?" అంది అమ్మాయి.

"మాకు టీవీ ఎక్కడిదమ్మా" అంది వదిన. లోపల సీరియల్లో ఎవరో అత్తగారు కోడల్ని శపిస్తోంది, వాయిద్యాలతో సహా వినపడుతోంది.

"మరి ఆ చప్పుడు?"

"మా ఆడబిడ్డ. ఆమె గొంతే అంత."

నేను పెదవి కొరుక్కున్నాను. గుమ్మంలోంచి హాలు మూల కనపడుతోంది. అక్కడ నిలువెత్తు వస్తువు ఒకటి పూల దుప్పటి కప్పుకుని నిలబడి ఉంది. దాని నెత్తిన వెంకటేశ్వరస్వామి పటం, పటం ముందు అగరొత్తి. దుప్పటి లోపలినుంచి గుర్రుమని మోత.

"ఫ్రిజ్ ఉందా ఆంటీ?"

"లేదమ్మా. అది బియ్యం డబ్బా."

బియ్యం డబ్బా ఒకసారి ఒళ్ళు జలదరించినట్టు వణికి, మోత ఆపింది. మర్యాదగల పిల్ల. చెప్పింది చెప్పినట్టు నొక్కుకుంది. ఫ్రిజ్ లేదు, టీవీ లేదు, కారు లేదు, పొలం లేదు. వాళ్ళాయన చదువు అడిగితే, "ఏదో వానాకాలం చదువు" అంది వదిన. చివరికి ట్యాబు మూలలో ఒక అక్షరం వచ్చింది. నిలువు గీతకు మూడు అడ్డగీతలు. ఇ.

మళ్ళీ మా అరుగు మీదికి వచ్చాం. "ఇగ మీ ఇల్లొకటి రాసుకుని బస్సెక్కుతా" అంది ఆ పిల్ల నీరసంగా.

మా ఆయన కల్లం నుంచి వచ్చి అప్పుడే కాళ్ళు కడుక్కుంటున్నాడు. సంగతి విని ముందుకొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కరెంటు ఉంది, ఫ్యాన్లు ఉన్నాయి, గ్యాసు, టీవీ, మోటారుసైకిలు ఉన్నాయి. పొలం అంటే కౌలుది, సొంతదే రాయాలంది.

"ఇంటికి ఎక్కువ సంపాదన ఎవరిది?"

"నాదే" అన్నాడు మా ఆయన.

"మొన్నటేడు మిరప ఎండిపోయినప్పుడు ఇల్లు ఎవురు నడిపారో చెప్పు" అన్నాను.

ఆయన దూడ వైపు చూశాడు. గేదెలు నావి, పాలు నావి. "సరే, దానిదే రాసుకో" అన్నాడు.

"ఆమె ఏం చదువుకున్నారు?"

"దానికి చదువేంది, ఏలిముద్ర" అన్నాడు నేను నోరు తెరిచేలోపే. అమ్మాయి నొక్కేసింది. మూలలో అర్ధచంద్రుడి లాంటి అక్షరం వచ్చింది. డి.

"ఆగమ్మాయ్! ఏలిముద్ర కాదు. నాకు చదవడం వచ్చు."

"నిజమే గదా, మరిచిపోయా. వచ్చులే, సగం సగం" అన్నాడు మా ఆయన.

"బడికి పోకపోయినా చదవడం రాయడం వస్తే దానికి వేరే గడి ఉంది పెద్దమ్మా. మీరు చెప్తే చాలు, మారుస్తా" అంది అమ్మాయి.

"ఊరికే మార్చొద్దు. పరీక్ష పెట్టు."

టీవీ పెట్టించాను. కింద పట్టీ పరిగెత్తుతోంది. ఊపిరి బిగబట్టి అందుకున్నాను. "పల్నాడు జిల్లాలో ఎండలు... రేపు కూడా..." అక్కడ ఒక ఒత్తు దగ్గర తట్టుకుని పడ్డాను. నేను లేచేసరికి పట్టీ క్రికెట్‌లోకి పోయింది.

"చాలు పెద్దమ్మా, చాలు" అని నవ్వుతూ మార్చింది. అర్ధచంద్రుడు పోయి, ఒక పక్క తెరిచిన సున్నా వచ్చింది. సి. మా ఇల్లు ఒక మెట్టు ఎక్కింది. టీచరమ్మకు పోసిన పాలన్నీ ఆ క్షణాన వసూలైనట్టు అనిపించింది.

తర్వాత మనసు ప్రశ్నలు. కొత్త వస్తువు వస్తే ముందుగా కొంటారా, నలుగురూ కొన్నాక కొంటారా, పెద్దలు వాడినదే వాడతారా? పక్కవాళ్ళు మెచ్చుకోవాలని ఉంటుందా?

"నాకెందుకు వాళ్ళ మెప్పు? నా దారి నాది" అన్నాడు మా ఆయన.

"సరే పెదనాన్నా. ఇంటి ముందు నిలబడండి, ఒక ఫొటో తీసుకోవాల."

"ఉండమ్మా. ఏమే, ఆ తెల్లచొక్కా ఏదే? ఇస్త్రీది!"

ఆయన లోపలికి పోయాక అమ్మాయీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమె ఆయన జవాబును మార్చకుండా అట్లాగే ఉంచి, "మాకు చెప్పేదొకటి, ఉండేదొకటి. అందుకే ఒకే ప్రశ్న నాలుగు రకాలుగా అడగమంటారు" అంది.

టీవీ ఎందుకు చూస్తారన్నది ఆఖరి ప్రశ్న. తెలుసుకోవడానికా, తోడుకా, బాధలు మరిచిపోవడానికా, రేపు నలుగురితో మాట్లాడటానికా? తెల్లచొక్కాతో వచ్చిన మా ఆయన, "నేను చర్చలు చూస్తా. తెలుసుకోడానికి" అన్నాడు.

"కాదమ్మాయ్. తిట్టడానికి. పిల్లలు వెళ్ళిపోయాక ఇంట్లో తిట్టడానికి మనిషి దొరక్క టీవీలోవాళ్ళను తిడతాడు. అది తోడు కింద రాసుకో" అన్నాను.

"మరి మీరు?"

"చదవడానికి" అన్నాను.

ఆమె వెతికింది. ఆ గడి లేదు. "ఇతరములు అని రాసుకుంటా" అంది. నా కారణాన్ని ఇతరములలో పడేయడం నాకు నచ్చలేదు. నా మొహం చూసి, "అందులో ఏందో రాయొచ్చు పెద్దమ్మా. మీరే రాయండి" అని ట్యాబు నా ఒళ్ళో పెట్టింది. వేలితో రాశాను. అద్దం మీద మసి తుడిచినట్టుంది. 'చదవడానికి' అన్న మాట గడి దాటి బయటికి పోబోయింది, చివరి అక్షరాలను ఇరికించాను.

పని అయిపోయింది. ఆ పిల్ల సంచి సర్దుకుని బస్సు కోసం రోడ్డు మీదికి పోయింది. 'ఏ' ఇల్లు మాత్రం దొరకలేదు. నడక చూస్తే పని ఇప్పుడే పోయినట్టుంది.

నేను ఒక గిన్నె పట్టుకుని, తోడుకు పెరుగు చుక్క కావాలన్న వంకతో పక్కింటికి పోయాను. పక్కింటివాళ్ళ అక్షరం ఎవరికీ చెప్పకూడదని ఆ పిల్ల నాకేమీ చెప్పలేదు. చెప్పినా, నేను కళ్ళతో చదువుకున్నదాన్ని దాచుకోమని టీచరమ్మ నేర్పలేదు.

"పోయిందా ఆ పిల్ల?" అంది వదిన దుప్పటి సగం ఎత్తి పెరుగు తీస్తూ.

"పోయింది. మా ఇల్లు సి అంట వదినా."

"సి అంటే?"

"ఏ, బి, సి. పైనుంచి మూడోది. నేను పట్టీ చదివా గదా, దానికి ఒక మెట్టు పెరిగింది."

"మరి మాదో?"

"మీదా... ఎందుకులే."

"చెప్పవే తల్లీ!"

"ఇ అంట. అడుగున. దాని కింద ఇంక అక్షరం లేదంట. మా గేదెల పాకను లెక్కేసినా డి వచ్చుద్దేమో."

వదిన చేతిలో గరిటె ఆగిపోయింది. మొహం మిరప్పండయింది. "మీరు సి, మేము ఇ నా?" అంది. తర్వాత జరిగినదంతా ఒక్క ఊపులో జరిగింది. ఆమె ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి వాళ్ళాయన చెప్పు వేసుకుని రోడ్డు మీదికి పరిగెత్తింది.

"ఏమ్మాయ్! ఇట్టా రా! బస్సెక్కమాక! ఏందంట, మాది ఇ నా? రా, కళ్ళతో చూసి రాసుకో!"

ఆ పిల్లను హాల్లోకి లాక్కొచ్చి, స్వామి పటాన్ని కళ్ళకద్దుకుని పక్కన పెట్టింది, దుప్పటి లాగి పారేసింది. రెండు తలుపుల ఫ్రిజ్ నిగనిగలాడింది. "రాసుకో. అదుగో టీవీ, గోడంత ఉంది. ఇదుగో ఏసీ, లోపల ఇంకోటి. చెయ్యి పెట్టి చూడు, చల్లగా లేదా? పెరట్లో చొప్ప కింద కారుంది. వాషింగ్ మెషిను, మా వాడి కంప్యూటరు. మా ఆయన డిగ్రీ, వానాకాలం కాదు, మూడు కాలాలూ చదివాడు. ఇన్వర్టర్ రాసుకున్నావా?"

"అది మా లెక్కలో లేదు ఆంటీ."

"ఎందుకు లేదు? రాసుకో!"

అమ్మాయి పాతది చెరిపి కొత్తగా నొక్కుతోంది, వేళ్ళు ఆడుతున్నాయి. మనసు ప్రశ్నలు వచ్చాయి.

"పక్కవాళ్ళు మిమ్మల్ని గొప్పగా చూడాలని ఉంటదా ఆంటీ?"

"ఛ, నాకట్టాంటి బుద్ధులు లేవు. లేవని రాసుకో" అంది వదిన, జత కాని చెప్పులతో నడిహాల్లో నిలబడి.

నేను గిన్నెలోకి తలవంచుకుని నవ్వుకున్నాను. అప్పుడే ఆ పిల్ల అదే ప్రశ్న నావైపు తిరిగి, "మిమ్మల్ని అడగలా పెద్దమ్మా. మీకు?" అంది. లేదందామనుకున్నాను. ఇందాక ఒక మెట్టు ఎక్కినందుకు ఎగిరిందీ, ఆ మాట మోసుకుని పెరుగు గిన్నెతో పరిగెత్తుకొచ్చిందీ ఎవరు? "ఉందని రాసుకో" అన్నాను.

మూలలో నిచ్చెనలాంటి అక్షరం వచ్చింది. ఏ. ఆ పిల్ల మొహంలో నెత్తురు కనపడింది. సంచి తగిలించుకుంటూ, "రేపు పొద్దున మా సారు ఆంటీకి ఫోన్ చేసి అడుగుతాడు, రాసింది నిజమో కాదో అని. ఆంటీ ఉందంటే చాలు" అని బస్సెక్కింది.

బస్సు మలుపు తిరిగీ తిరగకముందే వదినకు కోపం దిగిపోయి భయం ఎక్కింది. "కొంప ముంచావు గదే వదినా! కార్డు పోద్ది. రేపు ఫోనొస్తే ఏం లేవంటా. పిల్ల తప్పుగా రాసుకుందంటా" అంది.

"ఆ పిల్ల పని పోద్ది వదినా."

"పిల్లదేముంది, ఇంకో పని దొరుకుద్ది. కార్డు దొరుకుద్దా?" అని, దుప్పటి తీసి మళ్ళీ ఫ్రిజ్‌కు కప్పింది. కార్డుకూ దానికీ సంబంధం లేదని ఎంత చెప్పినా వినలేదు. స్వామి మళ్ళీ పైకెక్కాడు.

మర్నాడు పొద్దున పాలు పితికి, క్యాను అరుగు మీద పెట్టి, ముగ్గుడబ్బా పట్టుకుని వదిన వాకిట్లోకి పోయాను. వాళ్ళు ఇంకా లేవలేదు. కళ్ళాపి చల్లి, చుక్కలు పెట్టకుండా, ఎడమనుంచి ఒక ఏటవాలు గీత, కుడినుంచి ఒకటి, నడుమ అడ్డం ఒకటి వేశాను. గేటు వెడల్పంత ఏ. చుట్టూ లతలు కూడా తిప్పాను. పాల కేంద్రానికి పోయే ఆడవాళ్ళు ఆగి, ఏందిది అని అడిగారు. ఊళ్ళో 'ఏ' ఇల్లు ఇదొక్కటే అని చెప్పాను. వాళ్ళు ముక్కున వేలేసుకుంటుండగా వదిన చీపురుతో బయటికొచ్చింది. ముగ్గును చూసింది, వాళ్ళను చూసింది. చీపురు గోడకు ఆనించి కొంగు సర్దుకుంది.

నేను మా వాకిలి ఊడుస్తుంటే పిట్టగోడ అవతల ఫోన్ మోగింది. వదిన గొంతు వీధిలో అందరికీ వినపడేంత గట్టిగా లేచింది. "ఆఁ, ఉంది. రెండు తలుపులది. ఏసీలు రెండు. అమ్మాయి దగ్గరుండి చూసుకుంది. ఇన్వర్టర్ గూడా ఉందయ్యా, మీరే రాసుకోలా!"

ఊపిరి పీల్చుకుని మా వాకిట్లో కూర్చున్నాను. డబ్బాలో మిగిలిన పిండితో, ఒక పక్క తెరిచి పెట్టి, పెద్ద సున్నా చుట్టాను.

మా ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చి చూశాడు. "ఏందే, ముగ్గు సగంలో ఆపావ్? పిండి అయిపోయిందా?"

"అయిపోలా. అది అంతే" అని చేతులు దులుపుకుని, పాల క్యాను ఎత్తుకుని టీచరమ్మ ఇంటికి బయలుదేరాను.